పుట్టిన కాలపు వేగం

“ఒసేయ్ ప్రసూనా, దాని మూత తియ్యకే. లోపల ఏముందో ఏమో. కరెంటు పట్టుకుంటే వదలదు. నీకేదన్నా అయితే మీ నాన్న లాకుల కాడ ఉన్నారు, కబురెవరు పట్టుకెళ్తారు?”

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఒక్క మర కూడా ఊడలేదు. ప్లగ్గు గోడకు లేదు, మా అమ్మాయి ఒళ్లోనే ఉంది. అయినా నేను చెప్పవలసింది ముందే చెప్పేస్తాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోతానని, మేలు దాకా ఎప్పుడూ రాలేదని మా ఆయన అంటారు.

మూత తీస్తున్నది ఒక పాత కంప్యూటరుకు. మా వీధి చివర కాన్వెంటు బడి మూతపడినప్పుడు సిస్టర్లు సామాన్ల గది ఖాళీ చేస్తూ ప్రసూనకు ఇచ్చేశారు. ఎనభై అయిదో సంవత్సరంలో ఆ బడికి వచ్చిన ఇంటి కంప్యూటరది. పిల్లలు పాడు చేస్తారని రాగానే బీరువాలో పెట్టి తాళం వేశారు. అందుకే పాడవలేదు. నేను అప్పుడు అక్కడే ఏడో తరగతి చదువుతున్నాను. బీరువాను చూశాను గాని దాన్ని చూడలేదు. చూస్తే ఏముంది, మందపాటి టైపు మిషనులా ఉంటుంది. మీటలూ అదే, కంప్యూటరూ అదే. టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది. టేపు రికార్డరు తగిలించి క్యాసెట్టు వేస్తే అందులోంచి పాఠం ఎక్కించుకుంటుంది, ఎక్కేంతసేపూ కీచుమని అరుస్తుంది. ఆ అరుపు మొదటిసారి విన్నరోజు నేను పోపు గిన్నె పొయ్యిమీదే వదిలేసి వీధిలోకి పరుగెత్తాను.

మాది నరసాపురం పక్కన లేసు అల్లుకునే వీధి. మా నమూనా అంటే గళ్ల కాయితం. నిండు గడి అంటే దారంతో నింపాలి, ఖాళీ గడి అంటే కన్నం వదలాలి. ఈ పాత పెట్టె టీవీ మీద గీసే బొమ్మలు కూడా అచ్చం అలాగే లావుపాటి గళ్లతో ఉంటాయి. ప్రసూన ముందు సెల్‌ఫోనులో గీసి చూసింది. గడులు ఆవగింజలంత వచ్చాయి. మా పక్కింటి గ్రేసమ్మ వదిన కళ్లజోడు తుడుచుకుని తుడుచుకుని, ఇది నమూనా కాదు చీమల బారు అని లేచిపోయింది. ఈ పెట్టెలో అయితే నెమలి ముక్కుకి ఎన్ని గడులో గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకోవచ్చు.

తంటా ఒక్కటే, పెట్టెకు బుర్ర నెమ్మది. ఒక మూల నెమలిని గీసి ఇస్తే నాలుగు మూలలకూ తిప్పి, అంచులు కలిపి, నడుమ పువ్వులు సర్ది చూపించేసరికి పొద్దు వాలిపోయేది. ఎక్కడో ఒక గడి తప్పితే మళ్లీ మొదటినుంచీ. అందుకని ప్రసూన ఒక కార్డు తయారుచేసింది. అరచెయ్యంత పచ్చ పలక, దానిమీద నల్ల పురుగుల్లాంటి ముక్కలు. పాలిటెక్నిక్ చదివిన పిల్ల, పెళ్లిచూపులకు రమ్మంటే తీరిక లేదంటుంది గాని, చలికాలమంతా ఆ పురుగులకు టంకం పెడుతూ కూచుంది.

“ఇందులో ఇంకో బుర్ర ఉందమ్మా,” అని నాకు చూపించింది. “పాత బుర్రకి బరువైన లెక్క తగిలిందనుకో, ఇది అందుకుని చేసిచ్చేస్తది. యాక్సిలరేటరంటారు. ఈ రెండో కార్డు జ్ఞాపకానికి. ఎంత పెద్ద దుప్పటి బొమ్మయినా మర్చిపోకుండా ఉంచుకుంటది.”

ఒకే వంటింట్లో ఇద్దరు తోటికోడళ్లు ఎన్నాళ్లు సర్దుకుంటారో నాకు తెలుసు. ఒకే పెట్టెలో రెండు బుర్రలు ఎలా సర్దుకుంటాయో తెలియదు. ప్రసూన కార్డులు రెండూ పెట్టె వెనక సందులో గుచ్చి ప్లగ్గు పెడుతుంటే, నేను చెక్కపీట మీద నిలబడి, కరెంటు పట్టుకుంటే కొట్టి విడిపించడానికి ఎండు కర్ర ఎత్తి పట్టుకున్నాను. కరెంటు పట్టుకోలేదు. గ్యాసు పొయ్యి వెలిగించేంతలో నాలుగు మూలలా నాలుగు నెమళ్లు వచ్చి కూచున్నాయి. అంచులు కలిశాయి. నాకు కర్ర దించాలని కూడా తోచలేదు.

ఆ నెమళ్ల అవసరం ఏమిటో చెప్పకపోతే ఇదంతా ఆటలా ఉంటుంది. చలిదేశాలకు లేసు పంపే కంపెనీ ఆసామి ఏటా కాలవలకు నీళ్లు వదిలే రోజుల్లో వస్తాడు. కొత్త నమూనాలు ఏ వీధిలో బాగుంటే ఏడాది పని ఆ వీధికిస్తాడు. కిందటేడు పని వేరే ఊరికి పోయింది. మా వీధి ఆడవాళ్లంతా సూదులు డబ్బాలో పెట్టేసి రొయ్యల షెడ్డుకు పోయారు. మంచులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి, వేళ్లు నాని పుళ్లు పడి, గ్రేసమ్మ వదిన చూపుడువేలు ఇప్పటికీ సరిగా వంగదు. ఇంకో ఏడాది షెడ్డుకు వెళితే ఆ వేలు సూది పట్టదు. ఈ ఏడు పని మా వీధికి రావాలి, అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే జనానికి పాత వస్తువుల మీద ప్రేమ పుట్టింది. ఎక్కడ చూసినా పాత రేడియోలకు దండలు, పాత ఫ్యాన్లకు బొట్లు. వాడుకలో ఉన్నన్నాళ్లూ తన్నినవాళ్లే వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఈ ప్రేమను ఒక పద్ధతిలో పెట్టడానికి పురాయంత్ర వారసత్వ సంరక్షణ మండలి అని ఒకటి వెలిసింది. దాని ప్రాంతీయ కార్యాలయాన్ని లాకుల పక్క తెల్లదొరల నాటి బంగళాలో పెట్టారు. మా ఆయన పెద్దిరాజు ఆ లాకుల దగ్గరే లస్కరు. కాలవ తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఆయన నోరు కూడా ఆ తలుపుల్లాంటిదే, పైనుంచి ఉత్తర్వు వస్తే తప్ప లేవదు. అలాంటి మనిషి మండలి అధికారితో మాటల్లో మా అమ్మాయి దగ్గర ఎనభై అయిదు నాటి కంప్యూటరుందని చెప్పేశారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అడక్కుండా చెప్పిన మాట అదొక్కటే.

అధికారి ముక్తేశ్వరరావుగారు జీపులో వచ్చారు. వెంట అటెండరు దానియేలు, శాలువా, కొబ్బరికాయ, ఫొటోగ్రాఫరు. పోలీసులనుకుని నేను పెరటి తలుపు గడియ తీసి ఉంచాను. తీరా చూస్తే సన్మానం. కంప్యూటరుకు శాలువా కప్పారు. ఊపిరాడక లోపల కాలిపోతుందేమోనని నేను శాలువా కొస ఎత్తి పట్టుకున్నాను, ఫొటోలో అలాగే పడ్డాను. గోడకు “వారసత్వ యంత్రము” అని ఇత్తడి పలకం బిగించారు. మేకు దిగిన చోట సున్నం రాలింది. ఇల్లు కూలుతుందేమోనని అడిగితే, కూలినచో పలకమును జాగ్రత్తపరచవలెనని చెప్పారు.

అంతా బాగానే జరిగిందనుకునే లోపల, యంత్రము పనిచేయు విధమును చూడగోరుచున్నామన్నారు. ప్రసూన మురిసిపోయి మీట నొక్కింది. నాలుగు నెమళ్లూ టక్కున వచ్చాయి. ముక్తేశ్వరరావుగారి ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. మళ్లీ చూపమన్నారు. మళ్లీ టక్కున వచ్చాయి.

“ఎనభై అయిదవ సంవత్సరమున సదరు నెమలి ఇంత త్వరితముగా వచ్చెడిదా?” అని అడిగారు.

నేను ప్రసూనను వెనకనుంచి గిల్లాను. అయినా అది నిజమే చెప్పింది. చెప్పడమే కాక, కార్డు బయటికి లాగి టంకం ఎంత సన్నగా పెట్టిందో కూడా చూపించింది. అధికారి దాన్ని చేతిలోకి తీసుకుని, చాలా మెచ్చుకుని, దానియేలుకిచ్చారు.

“అమ్మా, మీరు భయపడవలసిన పని లేదు,” అన్నారు నాతో. “వారసత్వ యంత్రమేదియు తన పుట్టిన కాలపు వేగమును అతిక్రమించి పనిచేయరాదని మండలి నిబంధన. సదరు పలకను పరిశీలనార్థము మండలి స్వాధీనమందు ఉంచుకొనుట జరుగుచున్నది.”

భయపడవలసిన పని లేదని ఎవరైనా అంటే నాకు అప్పుడే భయం మొదలవుతుంది. దానియేలు సంచిలోంచి లక్క తీశాడు, కొవ్వొత్తి మరిచిపోయాడు. మా దేవుడి గూట్లో దీపం ఇచ్చాను. ఆ దీపంతోనే లక్క కరిగించి నా కూతురి కార్డును కవరులో పెట్టి సీలు వేశారు. నీళ్లు వదిలేలోపు నమూనాలు కావాలని, కార్డు లేకపోతే అవి అందవని ప్రసూన ఎంతో చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. పురాతనమునకు తొందర తగదమ్మాయీ అని, ఇచ్చిన మజ్జిగ తాగి, చాలా చల్లగా ఉందని చెప్పి వెళ్లారు.

నాకు మటుకు ఆయన చెడ్డవారు అనిపించలేదు. చెడ్డవారైతే ఒకసారి చేసి మానేస్తారు. ఈయన మంచివారు, మళ్లీ మళ్లీ వచ్చారు.

రెండోసారి జ్ఞాపకం కార్డు గురించి వచ్చారు. పుట్టిన కాలంలో ఎంత గుర్తుండేదో అంతకు మించి గుర్తుంచుకోవడం కూడా ఒక విధమైన అతిక్రమణేనని పైనుంచి వివరణ వచ్చిందట. అదీ లక్క కవరులోకి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి మా నెమలి తోక మరిచిపోవడం మొదలుపెట్టింది. ముక్కు నుంచి వీపు దాకా చక్కగా వచ్చేది, అక్కడికి ఆగిపోయేది.

తరవాత టీవీ. రంగులు ఆనాటివి కావని మాది తీసి వరండాలో పెట్టించి, దానియేలు చేత ఒక నలుపు తెలుపు టీవీ మోయించుకొచ్చారు. దాని వెనక భాగం ఎంత పొడుగంటే, బల్లమీద పెట్టడానికి గోడను కాస్త జరపవలసి వచ్చేలా ఉంది. బల్లనే జరిపాం. ఆపైన కరెంటు. ఎనభై అయిదులో మా వీధికి సాయంత్రాలు కరెంటు ఉండేది కాదని పాత పత్రికల్లో రుజువు దొరికిందట. సాయంత్రాలు మా ఒక్క ఇంటికే కరెంటు తియ్యమని ఉత్తర్వు. లైనుమన్ సిగ్గుపడుతూ వచ్చి స్తంభం ఎక్కేవాడు. వీధంతా వెలుగు, మా ఇల్లు ఒక్కటే ఎనభై అయిదు.

గ్రేసమ్మ వదిన టీవీలోంచి గడి గడీ దించిన తోక లేని నెమలి కాయితాన్ని తిప్పి తిప్పి చూసింది. “తాయారూ, ఇది నెమలా, పొదుగు కోడా? కంపెనీ ఆసామి గుడ్లు కూడా అడుగుతాడేమో కనుక్కో,” అంది. అని తన వేలు నిమురుకుంది. నేను నవ్వలేకపోయాను.

అయినా ప్రసూన వదల్లేదు. నెమలిని ముక్కలు చేసి, తోక ఒకసారి, తల ఒకసారి గీయించి, కాయితాలు కత్తిరించి అతికించడం మొదలుపెట్టింది. ఆ పని సగంలో ఉండగా మండలివారు అసలు లోపం కనిపెట్టారు. యంత్రం పుట్టిన నాటికి ప్రసూన పుట్టలేదు. అప్పటికి లేని మనిషి వేళ్లు ఆ మీటల మీద పడడం వారసత్వానికి తీరని హాని. సమకాలికులే నడపాలి. మరి సమకాలికులు ఎవరని వీధిలో విచారించారు. గ్రేసమ్మ వదిన అప్పటికే పెళ్లయి ఈ వీధికొచ్చింది గాని బడి గడప తొక్కలేదు. ఆ ఏడు ఆ బడిలో ఉన్నది, ఆ బీరువాను చూసింది నేనొక్కదాన్నే.

నేను ఏడ్చాను. మిక్సీ కూడా పప్పుగరిటెతో నొక్కే మనిషిని. ముక్తేశ్వరరావుగారు ఓదార్చి, చిన్న మౌఖిక పరీక్ష ఉంటుందన్నారు. కంప్యూటరనగా నేమి అని అడిగారు. నాకు తెలియదండీ అన్నాను. ప్రాసెసరనగా నేమి. తెలియదండీ. మీ కుమార్తె ఈ మధ్య మీకేమైనా నేర్పినదా. చెప్పిందండీ, అర్థం కాలేదండీ అన్నాను.

“అత్యుత్తమం,” అన్నారాయన, నిజంగా సంతోషపడి. “యంత్రము పుట్టిననాటి పరిజ్ఞానము మీయందు చెక్కుచెదరక యున్నది.”

అలా నేను సమకాలిక నిర్వాహకురాలినయ్యాను. పెట్టెకు ఏ హాని జరిగినా బాధ్యత నాదేనని దానియేలు చదివి వినిపించాడు. ఆ మాట తరవాత మిగతాది నాకు వినపడలేదు.

ఇక మా ఇంట్లో పని ఎలా జరిగేదంటే, ప్రసూన గుమ్మం దాటకూడదు, నాకు సలహా ఇవ్వకూడదు. తరవాతి కాలపు జ్ఞానం లోపలికి పాకుతుందని. అందుకని అది పెరట్లో దడి దగ్గర నిలబడి గ్రేసమ్మ వదినతో, నేనే గనక అక్కడుంటే ఈపాటికి పెద్ద మీట నొక్కుదును అత్తా అని కబుర్లు చెప్పేది. గ్రేసమ్మ వదిన ఆ కబురు నాకు చేరవేసేది. ఆవిడ సమకాలికురాలే గనక ఆవిడ మాటకు అభ్యంతరం లేదు. నేను చేతికి లేసు గుడ్డ చుట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఒక వేలితో నొక్కేదాన్ని. పెట్టె పుట్టిన కాలపు వేగంతో ఆలోచించేది, నేను నా వేగంతో భయపడేదాన్ని. పగలంతా అయ్యేసరికి రెండు ఈకలు వచ్చేవి. సాయంత్రం లైనుమన్ వచ్చి ఆ రెండూ ఆర్పేసేవాడు.

కార్డు విడిపించమని ప్రసూన అర్జీ పెట్టింది. అర్జీ పైకి వెళ్లాలి. అది వెళ్లకముందే పైవాళ్లే కిందకొచ్చారు. మండలి ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీకి ఒక పెద్దాయన వచ్చి, లాకుల బంగళా గుమ్మంలో ఆగి, గోడమీది ఇత్తడి పలకం చదివారు. “వారసత్వ కట్టడము.” అది కొట్టించింది ముక్తేశ్వరరావుగారే, ఉద్యోగంలో చేరిన ఉత్సాహంలో. పెద్దాయన లోపలికెళ్లి చూస్తే టెలిఫోను, కంప్యూటరు, సీలింగు ఫ్యాను, బయట జీపు. పుట్టిన కాలపు వేగమును అతిక్రమించరాదన్నది ఒక్క పేదింటి పెట్టెకేనా, మనకు వర్తించదా అని అడిగారట. ఆయన కూడా మంచివారే.

మర్నాటికి టెలిఫోను తీగె తెంపారు. కంప్యూటర్లు జీపులోకి, జీపు నరసాపురంలోకి వెళ్లిపోయాయి. ఫ్యాను దించి, దూలానికి గుడ్డ పంకా కట్టారు. దాని తాడు దానియేలు కాలి బొటనవేలికి వచ్చింది. ఆ కొత్త ఉద్యోగానికి అతని బొటనవేలు వాచింది. ఇక కాయితాలు ఆ రోజుల్లో ఎలా పోయేవంటే కాలవమీద పడవలో. కాబట్టి పడవలోనే పోవాలి. కొబ్బరికాయలు వేసుకునే ఒక పడవను మాట్లాడి, దానికీ పలకం కొట్టారు. పడవ ప్రధాన కార్యాలయానికి వెళ్లింది. అది తిరిగి వచ్చి మళ్లీ వెళ్లేటప్పుడు మా అర్జీ వెళుతుందని చెప్పారు.

పడవ తిరిగొచ్చే రోజుల్లో ఒక సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, చీకట్లో పీట వెతుక్కుని కూచుని, అన్నారు: “కాలవ కట్టేసేం.”

మా డెల్టాలో పుట్టినవాళ్లెవరికైనా తెలుసు. వేసవి ముదిరితే మరమ్మతులకు కాలవలు కట్టేస్తారు. తొలకరికి గాని నీళ్లు వదలరు. ఈ సంగతి పడవ నడిపేవాడికి తెలుసు, కొబ్బరికాయలకు తెలుసు. మండలికి ఎవరూ రాసి పంపలేదు. తిరిగొస్తున్న పడవ రెండు లాకుల నడుమ బురదలో కూచుండిపోయింది. గేదెలు దాని నీడలో పడుకునేవి.

ఆ పడవలో ముక్తేశ్వరరావుగారి బదిలీ ఉత్తర్వుంది.

ఇది మాకు దానియేలు చెప్పాడు. సారుది నంద్యాలట. భార్య అక్కడే ఉంది, ఆడపిల్ల పుట్టింది. బదిలీ కోసం ఎన్నాళ్లనుంచో రాసుకుంటే ఇప్పుడు మంజూరైంది. ఉత్తర్వు చేతికందితే గాని వెళ్లడానికి లేదు. సైకిలు మీద వెళ్లి పడవలోంచి తెచ్చిస్తానని దానియేలు అన్నాడట. ఆయన చాలాసేపు ఆలోచించి, బంగళా పుట్టిన కాలమున ఈ ప్రాంతమందు సైకిలు లేదని చెప్పారట. పైనుంచి వచ్చిన పెద్దాయన మీద కోపం లేదు, తన మీద కూడా లేదు. బంగళాలో సెల్‌ఫోను తియ్యకూడదు గనక గేటు దాటి, ఎండలో రోడ్డుమీద నిలబడి, పాప ఫొటో చూసుకుని, ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ లోపలికి వచ్చేవారు. మా ఆయన లాకుల మీదనుంచి అది రోజూ చూశారు. ఒకసారి ఇంటికొచ్చి, పాపం అన్నారు.

ఇంకో వారంలో నీళ్లు వదులుతారనగా, కంపెనీ ఆసామి బయల్దేరాడని కబురొచ్చింది. మా దగ్గర ఒక తోక లేని నెమలి, విడిగా కొన్ని ఈకలు ఉన్నాయి. రొయ్యల షెడ్డు మేస్త్రీ వీధిలోకొచ్చి ఈ ఏడు ఎంతమంది వస్తారని అడిగిపోయాడు. గ్రేసమ్మ వదిన లేసు సూది తీసి దారం లేకుండా ఊరికే ఆడిస్తూ కూచుంది.

ఆ మర్నాడే నాకు బల్లి కనిపించింది. కార్డులు తీసేశాక పెట్టె వెనక పొడుగాటి సందు తెరుచుకుని ఉండిపోయింది గదా, అందులోకి దూరి తోక బయట పెట్టుకుని నాకేసి చూస్తోంది. లోపల కరెంటుంది. బల్లి కాలితే పెట్టె కాలుతుంది, పెట్టె కాలితే బాధ్యత నాది, నన్ను తీసుకుపోతే వీళ్లకు అన్నం ఎవరు వండుతారు. ఇవన్నీ ఒక్క ఊపిరిలో వచ్చాయి. ప్రసూనను పిలవడానికి లేదు, అది గుమ్మం దాటకూడదు. చీపురు పుల్లతో బల్లిని బయటికి తోలి, గ్రేసమ్మ వదినను తోడు తీసుకుని బంగళాకు నడిచాను.

ముక్తేశ్వరరావుగారు పంకా కింద కూచుని కలాన్ని సిరాబుడ్డిలో ముంచి రాస్తున్నారు. చెమటకు సిరా పాకుతోంది. దానియేలు గోడకానుకుని కాలు ఆడిస్తున్నాడు. నేను బల్లి సంగతి చెప్పి, ఆ సందును సిమెంటు పెట్టి పూడ్చెయ్యమంటారా అని అడిగాను.

పూడ్చరాదు, అది యంత్రము యొక్క మూలరూపమునకు భంగమన్నారు.

పోనీ గుడ్డ కుక్కనా అన్నాను. అదియు ఒక విధమైన చేర్పే అన్నారు. అందులో ఏదియు గుచ్చరాదు, పెట్టరాదు, చేర్చరాదు.

పోనీ అలాగే తెరిచి ఉంచితే బల్లి వెళ్లి కాలిపోతే ఎవరిదండీ బాధ్యత అంటే, సమకాలిక నిర్వాహకురాలిదే అన్నారు. అని ఆయనకే కాస్త బాధ కలిగినట్టుంది. నిబంధనల పుస్తకం తెరిచి, వేలితో వెతుకుతూ, మొదటి నిబంధన పైకి చదివారు. “యంత్రమును నిర్మించినవారు ఏ ప్రయోజనమునకై ఏ అంగమును అమర్చిరో, ఆ ప్రయోజనమునకు భంగము కలుగరాదు.” దాన్ని బట్టి సందును అలాగే కాపాడవలెనని చెప్పి పుస్తకం మూయబోయారు.

నాకు ఎదురు మాట్లాడడం చేతకాదు. ఇంటికెళితే ఆ కన్నాన్ని ఏం చెయ్యాలో తెలియక అడిగాను.

“బాబుగారూ, మీకు పుణ్యముంటది, నాకు తెలీక అడుగుతున్నాను. పూడ్చకూడదు, ఏమీ పెట్టకూడదు అంటే, మరి ఆ చేసినోళ్లు ఆ సందు ఎందుకు పెట్టారండీ?”

ఆయన నోరు తెరిచారు. ఇందుమూలముగా అన్నారు. ఆగిపోయారు.

పుస్తకం మళ్లీ తెరిచారు. మొదటి నిబంధన మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకున్నారు. రెండోదానికి వెళ్లారు. మళ్లీ మొదటిదానికి వచ్చారు. వేలు అక్కడే ఉండిపోయింది. సిరాబుడ్డిలో ఒక ఈగ పడింది, ఎవరూ తియ్యలేదు. దానియేలు కాలు ఆగింది, పంకా ఆగింది, గది ఉడికిపోవడం మొదలైంది. గ్రేసమ్మ వదిన వెంట తెచ్చుకుని ఆడిస్తున్న సూది కూడా ఆగింది. కిటికీలోంచి ఎండిపోయిన కాలవ, దూరంగా బురదలో ఒరిగిన పడవ కొస కనిపిస్తున్నాయి. ఆయన ఆ పడవకేసి చూశారు. పెద్ద మనిషిని ఏమడిగానో, నోరు పడిపోయిందేమో, పక్షవాతమేమో, ఈ ఎండలో వైద్యుడు నరసాపురం నుంచి రావాలంటే ఎంతసేపు పడుతుందో అని లెక్క వేసుకుంటున్నాను. దానియేలు వైపు చూస్తే అతను సారు వైపు చూస్తున్నాడు. బయట లాకుల మీద మా ఆయన ఇనప చక్రానికి కందెన రాస్తున్న చప్పుడొక్కటే వినబడుతోంది.

ఆయన లక్క కవర్లున్న బీరువా తాళాలు జేబులోంచి తీసి, బల్లమీద దానియేలు వైపుకి జరిపారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు, ఉత్తర్వులాగా కాకుండా, నంద్యాలలో వాళ్లింటి వసారాలో కూచుని పక్కింటామెతో చెబుతున్నట్టుగా అన్నారు:

“ఏమన్నా పెట్టుకునేదానికే లేమ్మా.”